లిన్ దైయూ పాదాల గురించి నవల ఎందుకు నోరు విప్పదు?

మొల్లతీగె
అందరికీ నమస్కారం. చైనా వాళ్ల "ఎర్ర మేడ కల" నవల ఇంగ్లీషు అనువాదంలో అయిదు సంపుటాలు. పూర్తి చేయడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. చివరి సంపుటం మూసేశాక కూడా ఒక అనుమానం వదలడం లేదు. ఇక్కడ చైనా సాహిత్యం చదివినవాళ్లు ఉన్నారని తెలిసి అడుగుతున్నాను.

నవల నాయిక దైయూ కనుబొమల ముడి, దగ్గు, కన్నీళ్లు, ఆమె తాగే మందులు, వెదురు పొదల నీడ పడే ఆమె కిటికీ, వీటిలో రచయిత త్సావ్ ష్యూఎచిన్ చెప్పకుండా వదిలేసింది ఏదీ లేదు. పాదాల గురించి మాత్రం ఒక్క మాట లేదు. ఈ నవల రాసింది 18వ శతాబ్దంలో. అప్పటికి చైనాలో ఎక్కువమందైన హాన్ జాతివాళ్లలో, పరువున్న కుటుంబాల్లో ఆడపిల్లల పాదాలు చిన్నవిగా ఉండాలని గుడ్డతో బిగించి కట్టడం మామూలు విషయం. 49వ అధ్యాయంలో మంచు పడుతుంటే దైయూ ఎర్ర గొర్రెతోలు బూట్లు వేసుకుంటుంది. వాటి మీద బంగారు అంచు, మబ్బుల డిజైను కూడా చెప్పాడు. లోపలి పాదం ఎలా ఉందో చెప్పలేదు. మర్చిపోయాడని నేను నమ్మలేను. మీరేమంటారు?

వూహాన్_రోజులు
మొల్లతీగె గారూ, నేను చైనాలో మెడిసిన్ చదివేటప్పుడు మా భాషా టీచరుని సరిగ్గా ఇదే అడిగాను. ఆవిడ రెండు సంగతులు చెప్పారు.

ఒకటి, త్సావ్ కుటుంబం పుట్టుకతో హాన్ వాళ్లే, కానీ అప్పుడు చైనాని ఏలుతున్న మంచూల (చింగ్ రాజవంశం) సైనిక వ్యవస్థలో "తెల్ల పతాకం" కింద నమోదైన సేవక వంశం. నాన్‌జింగ్‌లో చక్రవర్తి పట్టుబట్టల కార్ఖానాలు తరాలపాటు వాళ్ల చేతిలో ఉన్నాయి. మంచూ స్త్రీలు పాదాలు కట్టుకోకూడదని చింగ్ రాజవంశం నిషేధం పెట్టింది. అంటే రచయిత రెండు రకాల ఇళ్లనూ చూస్తూ పెరిగాడు. పాదాల సంగతి చెబితే దైయూ హానా మంచూనా అన్నది తేలిపోతుంది. ఈ కథ ఏ రాజవంశం నాటిదో చెప్పనని మొదటి అధ్యాయంలోనే ఆయన తప్పుకున్నాడు కదా.

రెండోది నాకు ఇంకా ముఖ్యం అనిపించింది. ఆయన పాదాలు అసలే చెప్పలేదనుకోవడం పొరపాటు. ఎవరి పాదాలు చెప్పాడో చూడండి. 65వ అధ్యాయంలో యౌ సాన్‌జియె, తనను ఆటవస్తువుగా వాడుకోవాలని వచ్చిన మగవాళ్ల ముందు తాగి తిరగబడే చోట, ఆకుపచ్చ పైజమా కింద ఎర్ర చెప్పుల్లో ఆమె "బంగారు తామరలు", అంటే కట్టిన చిన్ని పాదాలు, కనిపిస్తాయి. 73వ అధ్యాయంలో తోటలో మోటు పని చేసే అమాయకపు పిల్లకి "రెండు పెద్ద పాదాలు", అందుకే పని చకచకా చేస్తుంది అంటాడు. మగవాళ్ల చూపు పడ్డ పాదం ఒకటి, పనిలో ఉన్న పాదం ఒకటి. దైయూని మాత్రం ఆ చూపుకి అందనివ్వలేదు.

పాతపుస్తకాలు
మంచి చర్చ. కొంచెం వెనక నుంచి వస్తాను, లేకపోతే పాత కథల్లోని స్త్రీలందరూ పుట్టుకతోనే పాదాలు కట్టుకుని వచ్చారనే భ్రమ కలుగుతుంది.

ఈ ఆచారం మొదలు గురించి అందరూ చెప్పే కథ దక్షిణ తాంగ్ రాజు లీ యూ ఆస్థానంలోది. ఆయన 961 నుంచి 975 దాకా పాలించాడు, గొప్ప కవి. యావ్‌న్యాంగ్ అనే నర్తకి పట్టుగుడ్డతో పాదాలు నెలవంకలా చుట్టుకుని, బంగారంతో చేసిన తామర మీద నాట్యం చేసిందట. ఇది తర్వాతివాళ్లు రాసుకున్న కథ, చరిత్రకి రుజువు కాదు. గట్టి రుజువు కావాలంటే ఫూజౌలో దొరికిన హువాంగ్ షెంగ్ సమాధి చూడాలి. ఆ అమ్మాయి 1243లో, పదిహేడేళ్లకి చనిపోయింది. సమాధిలో వందల బట్టలతో పాటు ఆమె చెప్పులూ దొరికాయి. పొడవు దాదాపు 14 సెంటీమీటర్లే. ఆ శతాబ్దంలోనే చె రువోషుయ్ అనే పండితుడు, నాలుగైదేళ్లు కూడా నిండని, ఏ పాపం ఎరగని పిల్లల్ని ఇంత బాధ పెట్టడం దేనికని రాశాడు. "ఆ రోజుల్లో అది ఎవరికీ తప్పుగా తోచలేదు" అని ఎవరైనా అంటే నేను ఈయన పేరే చెబుతాను.

అంటే అంతకుముందు తాంగ్ కాలపు (7-10 శతాబ్దాలు) నాయికలకి కట్టిన పాదాలు లేవు. తర్వాతి రచయితలు తెచ్చి తగిలించారు. యింగ్‌యింగ్ కథే తీసుకోండి. తాంగ్ కాలంలో యువాన్ జెన్ రాసిన మూలకథలో ఆమె పాదాల ఊసే లేదు. 13వ శతాబ్దం చివర్లో వాంగ్ షీఫు దాన్ని "పడమటి గది" నాటకంగా మలిచినప్పుడు, విద్యార్థి జాంగ్ ఆమెను గుడిలో చూసి, ఆ అందం సంగతి అటుంచు, ఆ చిన్ని పాదాలకే ఎంత బంగారమైనా పోయొచ్చు అంటాడు. కథ అదే, అమ్మాయి అదే, పాదం మారిపోయింది.

కథల_పిచ్చి
మరి మూలాన్? ఆమె యుద్ధానికి వెళ్లింది కదా? పాదాలు కట్టి ఉంటే గుర్రం ఎలా ఎక్కుతుంది?

పాతపుస్తకాలు
అడగాల్సిన ప్రశ్నే అడిగావు. మూలాన్ పాట ఉత్తర రాజవంశాల కాలానిది, ఈ ఆచారానికి చాలా ముందుది. ఆ పాటలో ఆ సమస్యే లేదు. కానీ 16వ శతాబ్దంలో షూ వెయ్ ఆమె మీద ఒక నాటకం రాశాడు. ఆ కాలపు ప్రేక్షకులు కట్టని పాదాల నాయికని ఊహించుకోలేరు. అందుకని మూలాన్ రంగస్థలం మీద కట్టు విప్పి బూట్లు తొడుక్కుంటుంది. ఇన్నేళ్లు కష్టపడి ఇంత సన్నగా చేసుకున్న పాదాన్ని ఇప్పుడు పడవలా చేసుకోవాల్సి వచ్చిందే అని బాధపడుతుంది. తిరిగొచ్చాక పెళ్లెలా అవుతుందన్న దిగులు. చివరికి, మా ఇంట్లో ఒక మందు ఉంది, సూరేకారం వేసి కాచిన నీళ్లతో కడిగితే ముందుకన్నా చిన్నవైపోతాయి అని తనకు తానే ధైర్యం చెప్పుకుంటుంది.

వైద్యపరంగా అది జరగని పని. ఒకసారి విరిగిన పాదం అలా ఇష్టం వచ్చినప్పుడు పెరిగి తరగదు. నాటకం చూసేవాళ్లకి ఆ ఓదార్పు అవసరమైంది, అంతే.

ఫిజియో_గుంటూరు
పాతపుస్తకాలు గారు విరిగిన పాదం అన్నారు కాబట్టి రోజూ పాదాలతోనే పనిచేసేదాన్ని, నేనూ ఒక మాట చెప్పాలి. చాలామంది గట్టి చెప్పులు వేసి పెరగకుండా ఆపుతారని అనుకుంటారు. అది కాదు. అయిదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య, ఎముకలు ఇంకా మెత్తగా ఉన్నప్పుడు, బొటనవేలు వదిలేసి మిగతా నాలుగు వేళ్లూ అరికాలి కిందికి మడుస్తారు. పొడుగాటి గుడ్డతో పాదం ముందుభాగాన్నీ మడమనీ దగ్గరకి లాగి కడతారు. పాదం మధ్య ఉండే విల్లు వంపు విరిగి, నిలువు చీలికలా అవుతుంది. ఆ పిల్లని ఆ కట్లతోనే నడిపిస్తారు. చీము పడుతుంది, కొందరికి వేళ్లు కుళ్లి ఊడిపోతాయి, రక్తం విషమై చనిపోయిన పిల్లలూ ఉన్నారు. కోరుకునే కొలత "మూడు త్సున్", అంటే దాదాపు 10 సెంటీమీటర్లు. చాలామందికి అంత చిన్నవి కాలేదు కూడా.

1997లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో బీజింగ్‌లోని 193 మంది ముసలి స్త్రీలని పరీక్షించిన అధ్యయనం వచ్చింది. 80 దాటినవాళ్లలో 38 శాతం మందికి కట్టు వల్ల వికృతమైన పాదాలు ఉన్నాయి. వాళ్లు ఎక్కువగా పడిపోతున్నారు, గొంతుక్కూర్చుని లేవలేకపోతున్నారు. ఆచారం ఆగిపోయిన ఎన్నో ఏళ్లకి కూడా ఆ పాదాలు వాళ్లతోనే ఉన్నాయి. "చిన్న పాదాల జత, కన్నీళ్ల తొట్టి" అని చైనాలో సామెత ఉందని విన్నాను. మీ నవలల్లో ఈ తొట్టి ఎక్కడైనా కనిపిస్తుందా?

మొల్లతీగె
ఫిజియో గారూ, మీ ప్రశ్న నన్ను రాత్రంతా పట్టుకుంది. నేను చదివినంతలో "జిన్ పింగ్ మెయ్" ఉంది. 16వ శతాబ్దం చివరిది, వంద అధ్యాయాలు. అందులో పాన్ జిన్‌లియెన్ పేరుకి అర్థమే బంగారు తామర. చిన్నప్పుడే పాదాలు చక్కగా కుదిరాయని ఆ పేరు పెట్టారు. పేద దర్జీ కూతురు. చిన్నపిల్లగా ఉండగానే అమ్మేశారు. మన భాషలో పాదపద్మాలు అంటే దేవుడికో గురువుకో మొక్కే మాట. అందుకే మొదటిసారి ఆ పేరు చదివినప్పుడు నాకు భక్తి మాట లాగే వినిపించింది. అక్కడ ఆ తామర ఒక ధర చీటీ అని అర్థమయ్యాక మనసు కలుక్కుమంది.

ఆ నవలలో 28వ అధ్యాయం అంతా ఒక పోయిన చెప్పు చుట్టూ తిరుగుతుంది. అంతకుముందు సోంగ్ హుయ్‌లియెన్ అని ఇంకో స్త్రీ, నౌకరు పెళ్లాం. ఆమె అసలు పేరు కూడా జిన్‌లియెనే. యజమానురాలి పేరు అదే కాబట్టి మార్చేశారు. ఆమె పాదాలు జిన్‌లియెన్ పాదాలకన్నా చిన్నవి. నా చెప్పు మీదే ఆమె చెప్పు తొడిగాను, పట్టింది అని గొప్పలు చెప్పుకోవడం జిన్‌లియెన్ చాటుగా వింటుంది. తర్వాత హుయ్‌లియెన్ మొగుణ్ని అన్యాయంగా ఇరికించి పంపించేస్తారు, ఆమె ఉరేసుకుంటుంది. ఆమె పోయాక ఆమె చెప్పు బయటపడితే, జిన్‌లియెన్ దాన్ని ముక్కలుగా కోయించి మరుగుదొడ్డిలో వేయిస్తుంది, మళ్లీ జన్మ కూడా లేకుండా పో అని తిడుతుంది. ఉరేసుకున్న మనిషి కన్నా ఆ మనిషి చెప్పు మీద ఎక్కువ కసి. ఆ ఇంట్లో ఆడదాని విలువ ఎంతో ఆ ఇద్దరికీ బాగా తెలుసు. దాన్ని కొలిచేది ఆ చెప్పుతోనే.

కానీ మీరడిగిన కన్నీళ్ల తొట్టి అక్కడా లేదు. వందల చెప్పులున్నాయి, వాటి రంగులున్నాయి, కుట్టుపని ఉంది. కట్టు కట్టే రోజు లేదు.

పోచంపల్లి_పడుగు
నాకు ఒక అభ్యంతరం ఉంది, కోపం తెచ్చుకోవద్దు. ఈ చర్చ మొత్తం మగవాళ్ల చూపు చుట్టూనే తిరుగుతోంది. పెద్దింటి నవలలు చదివితే అలాగే కనిపిస్తుంది మరి. కానీ పాదాలు కట్టింది తల్లులు. పల్లెల్లో కోట్లమంది పేద తల్లులు ఎందుకు కట్టారు?

హిల్ గేట్స్, లారెల్ బోసెన్ అనే ఇద్దరు పరిశోధకులు చైనా పల్లెల్లో వందల మంది ముసలి స్త్రీలతో మాట్లాడి రాసింది నేను చదివాను. వాళ్ల మాట ఏంటంటే, చిన్న వయసులో నూలు వడకడం, నేయడం లాంటి చేతిపని ఉన్న చోట్లే పాదాలు కట్టడం గట్టిగా సాగింది. ఆడుకునే వయసు పిల్లని గంటల తరబడి ఒకచోట కూర్చోబెట్టాలి. మిల్లు నూలు వచ్చి ఇంటి నూలుకి విలువ పోయాక ఈ ఆచారం కూడా బలహీనపడింది. అందరూ ఒప్పుకున్న వాదన కాదు, కానీ నన్ను వదల్లేదు.

మా ఇంట్లో మా అమ్మ ఆసు పోసేది. చీరకి తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిరగాలి. ఆరేడేళ్లప్పుడు నన్ను కండెలు చుట్టడానికి కూర్చోబెట్టేవాళ్లు. నా కాళ్లు ఎవరూ కట్టలేదు, రెండింటినీ పోల్చడం లేదు. పిల్ల కదలకుండా కూర్చుంటే ఇంటికి ఎంత సాయమో మాత్రం నాకు తెలుసు. అందుకే ఆ తల్లుల్ని రాక్షసులుగా ఊహించుకోలేను.

పాతపుస్తకాలు
పడుగు గారూ, కోపం ఎందుకు? మీరన్నది చాలా అవసరమైన మాట. అయితే ఒక్క చోట ఆగుతాను. పని కారణం పల్లెకి సరిపోతుంది. సూది తప్ప ఏదీ ముట్టని మేడల్లోని అమ్మాయిలకి? అక్కడ పెళ్లి, వంశ గౌరవం, మగవాడి కోరిక. రెండూ ఒకే గుడ్డతో కట్టారు.

ఇక ఫిజియో గారి ప్రశ్నకి జవాబు. ఆ నొప్పిని సూటిగా చూపించిన నవల ఒకటుంది. దాదాపు ఆరు వందల ఏళ్ల సాహిత్యం తర్వాత, 19వ శతాబ్దం మొదట్లో వచ్చింది. లీ రూజెన్ రాసిన "అద్దంలో పూలు". ఆయన చేసిన పని ఏంటంటే, ఆ గుడ్డ తీసుకెళ్లి ఒక మగవాడి కాలికి కట్టాడు.

లిన్ జీయాంగ్ సముద్ర వ్యాపారి. పౌడరు, బుగ్గల రంగు అమ్ముకోవడానికి "స్త్రీల రాజ్యం"లో దిగుతాడు. అక్కడ స్త్రీలు బూట్లు, టోపీలు వేసి రాజ్యం ఏలుతారు. మగవాళ్లు లంగాలు కట్టి ఇంట్లో ఉంటారు. రాజుకి, అంటే ఆ దేశపు ఏలికైన స్త్రీకి, ఇతను నచ్చుతాడు. రాణిని చేసుకోవాలని లోపలికి తీసుకెళ్తారు. చెవులు కుడతారు. తర్వాత నల్లగడ్డం ఉన్న అంతఃపుర దాసి ఒకడు ఇతని కాలు ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందుల్లో పటిక చల్లి, అయిదు వేళ్లూ దగ్గరకి నొక్కి, పాదాన్ని విల్లులా వంచి తెల్ల పట్టుగుడ్డ చుడతాడు. రెండు చుట్లు కాగానే సూదీ దారంతో కుట్టేస్తారు. నిప్పుల్లో పెట్టినట్టు మంట. రాత్రి విప్పేసుకుంటాడు, మర్నాడు వెదురు కర్రలతో కొడతారు, తలకిందులుగా వేలాడదీస్తారు. కొన్నాళ్లకి కుళ్లిన మాంసం చీముగా కారిపోయి ఎముకలు మిగులుతాయి. అప్పుడు, అబ్బ ఎంత సన్నగా అయ్యాయో అంటారు.

ఫిజియో గారు పైన రాసిన వివరాలు, ఈ పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. లీ రూజెన్ ఏదీ దాచలేదు.

ఫిజియో_గుంటూరు
ఇప్పుడే చదివాను. పటిక దగ్గర ఆగిపోయాను. చెమట పీల్చడానికీ, పుండు పడకుండానూ వాడేవాళ్లు. అంత దగ్గరగా చూసి రాశాడంటే ఆయన ఇంట్లో ఏ చెల్లి ఏడుపో విని ఉంటాడు అనిపిస్తోంది. నా ఊహే.

కథల_పిచ్చి
మగవాళ్లు రాసినవే వచ్చాయి ఇప్పటిదాకా. కట్టించుకున్నవాళ్లు ఎవరూ రాయలేదా?

వూహాన్_రోజులు
రాశారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే, ఎవరైనా అడుగుతారా అని చూస్తున్నాను.

చెన్ దువాన్‌షెంగ్, 1751లో పుట్టింది. "తాన్‌త్సి" అని ఒక రకం పద్యకథ ఉంది, పాడి వినిపించడానికి రాస్తారు, మన బుర్రకథలా వరసలు వరసలుగా సాగుతుంది. స్త్రీలు స్త్రీల కోసం ఎక్కువగా రాసుకున్న రూపం. దువాన్‌షెంగ్ పద్దెనిమిదేళ్ల వయసులో "జైషెంగ్‌యువాన్" అనే పెద్ద తాన్‌త్సి మొదలుపెట్టి రెండు మూడేళ్లలో పదహారు సంపుటాలు రాసేసింది. అమ్మ చనిపోయింది, కలం ఆగిపోయింది. పెళ్లయింది. సర్కారు కొలువు పరీక్షల్లో మోసం కేసులో భర్తని దూరంగా యీలీకి ప్రవాసం పంపారు. చాలా ఏళ్లకి, 1784లో, ఒక్క సంపుటం మాత్రం రాయగలిగింది.

నాయిక మెంగ్ లీజున్ మగవేషంలో ఇల్లు వదిలి, పరీక్షల్లో మొదటి ర్యాంకు కొట్టి, చివరికి ప్రధానమంత్రి అవుతుంది. సొంత తండ్రి, కాబోయే భర్త, అందరూ ఆమె కింద కొలువులో నిలబడతారు. వాళ్లకి అనుమానం వచ్చి ఎన్నిసార్లు గుచ్చి అడిగినా ఒప్పుకోదు, ఇంటికి వెళ్లాలని ఆమెకి లేదు. మాటలతో ఆమెను ఎవరూ ఓడించలేకపోయారు. చివరికి అంతఃపురంలో మత్తు పానీయం తాగించి, స్పృహ లేనప్పుడు దాసీలతో బూట్లు ఊడదీయిస్తారు. లోపల చిన్న ఎర్ర చెప్పుల్లో కట్టిన పాదాలు.

ఇంత చదువు, ఇంత అధికారం, రాజ్యం నడిపిన తెలివి, అన్నీ ఒక బూటు ఊడేసరికి పోయాయి. లీజున్ నెత్తురు కక్కుకుంటుంది. దువాన్‌షెంగ్ కలం దాదాపు అక్కడే ఆగిపోయింది. తర్వాత ఇంకొకామె, లియాంగ్ దెషెంగ్, పెళ్లితో ముగించింది. మొదటామె మనసులో ఆ ముగింపు ఉండి ఉంటే అన్నేళ్లు ఆగి ఉండేది కాదని నా నమ్మకం.

మొల్లతీగె గారూ, మగ రచయితల కథల్లో చెప్పు ప్రేమ గుర్తు. పూ సోంగ్‌లింగ్ కథ "లియెన్‌షియాంగ్"లో దెయ్యమైన అమ్మాయి తన చెప్పు ఇచ్చి వెళ్తుంది, అతను దాన్ని చేతిలోకి తీసుకుంటే ఆమె ప్రత్యక్షమవుతుంది. అదే చెప్పు ఆడమనిషి రాసేసరికి పట్టిచ్చే సాక్ష్యం అయింది.

టొరంటో_తెలుగు
మూడు రోజులుగా చదువుతున్నాను, రాసే ధైర్యం చాలలేదు. మా ఊళ్లో బాటా షూ మ్యూజియం ఉంది. అక్కడ ఈ చెప్పులున్నాయి. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. అద్దాల పెట్టె ముందు నిలబడి, అమ్మా ఇవి నాకు సరిపోతాయా అని అడిగింది. చూశాను. ఆమె పాదానికి కూడా చిన్నవే. అవి పెద్దవాళ్ల చెప్పులు అని చెప్పలేకపోయాను. బొమ్మ చెప్పులు అన్నాను. ఆ అబద్ధం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. ఇప్పుడు దానికి పన్నెండేళ్లు, ఈ చర్చ కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను.

పోచంపల్లి_పడుగు
టొరంటో గారూ, చెప్పండి. ఆ వయసుకి అర్థమవుతుంది.

వూహాన్ గారు రాసిన లీజున్ కథ చదివాక నా మాట కొంత సవరించుకుంటున్నాను. తల్లులకి కారణాలున్నాయి అన్నాను, అది నిజం. కానీ ఆ కారణాలు తెలిసినంత మాత్రాన ఆ పిల్ల నొప్పి తగ్గదు. "సుక్షేత్రం" (పెర్ల్ బక్ "గుడ్ ఎర్త్") చదివినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. పాత సాహిత్యం కాదు, రాసింది చైనాలో పెరిగిన అమెరికన్ ఆవిడ, అయినా ఒక చోటు చెప్పాలి. కట్టిన పాదాలతో కూతురు చప్పుడు చేయకుండా ఏడుస్తుంటుంది. ఎందుకమ్మా పైకి ఏడవవు అని తండ్రి అడిగితే, పైకి ఏడిస్తే మీ మనసు కరిగి విప్పేయమంటారు, అప్పుడు నన్నూ నా మొగుడు ప్రేమించడు, మీరు అమ్మని ప్రేమించనట్టే, అని అమ్మ చెప్పింది అంటుంది. ఆ తల్లి పాదాలు పెద్దవి. పొలం దున్నింది ఆ పాదాలతోనే.

పాతపుస్తకాలు
చివరికి విప్పింది ఎవరో కూడా చెప్పుకుందాం. కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో 1664లో హాన్ కుటుంబాలకి కూడా నిషేధం పెట్టి, నాలుగేళ్లకే ఎత్తేశారు. పై నుంచి వచ్చిన ఆజ్ఞతో పని కాలేదు. 1870ల నుంచి ఊళ్లలో సంఘాలు పుట్టాయి. నా కూతురికి కట్టను, కట్టిన పిల్లని నా కొడుక్కి చేసుకోను అని కుటుంబాలు కలిసి మాట ఇచ్చుకున్నాయి. పెళ్లి భయమే ముడి కాబట్టి అక్కడే విప్పారు. 1912లో గణతంత్రం వచ్చి చట్టం చేసింది. ఆ మధ్యలో చ్యౌ జిన్ అనే కవయిత్రి తన పాదాలు తానే విప్పుకుని, జపాన్ వెళ్లి చదువుకుని, విప్లవంలో దిగి, 1907లో షావోషింగ్‌లో తల నరికించుకుంది. పాదాలు విప్పి వెయ్యేళ్ల విషం కడిగేశాను అని ఆమె కవితలో ఒక పాదం ఉంది.

మొల్లతీగె
మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి నవల మళ్లీ తెరిచి 69వ అధ్యాయం చదివాను. మొదటిసారి కథ ఆత్రంలో దాటేసిన చోటు. యౌ సాన్‌జియె అక్కని, అర్‌జియెని, మనవడి భార్య షీఫెంగ్ తీసుకొచ్చి ఆ ఇంటికి పెద్దదైన ముసలావిడ ముందు నిలబెడుతుంది. ముసలావిడ కళ్లజోడు పెట్టుకుంటుంది. పిల్లని దగ్గరకి లాగి ఒంటి రంగు చూస్తారు, చేతులు చూస్తారు. దాసి వంగి లంగా అంచు పైకెత్తుతుంది. ముసలావిడ చూసి, కళ్లజోడు తీసి, అన్నీ కుదిరిన పిల్ల అని నవ్వుతుంది. పాదం అన్న మాట అక్కడ కూడా లేదు. లంగా ఎత్తారు, అంతే. అదే అధ్యాయం చివర అర్‌జియె బంగారం మింగి చనిపోతుంది.

దైయూ లంగా అంచుని ఎవరూ ఎత్తకుండా రచయిత నూట ఇరవై అధ్యాయాల్లో కాపలా కాశాడని ఇప్పుడు అనిపిస్తోంది. చివరి నలభై అధ్యాయాలు ఆయనవి కావంటారు, అయినా ఆ కాపలా వాటిలోనూ నిలిచింది.

"అద్దంలో పూలు" తెప్పించుకుంటున్నాను. స్త్రీల రాజ్యం దగ్గర నుంచి మొదలుపెట్టొచ్చా?

పాతపుస్తకాలు
స్త్రీల రాజ్యం 32వ అధ్యాయంలో వస్తుంది. అక్కడ మొదలుపెట్టకండి. కనీసం 12 నుంచి చదవండి. మర్యాదస్తుల దేశంలో ఒక పెద్దమనిషి వీళ్లని టీకి పిలిచి అడుగుతాడు, ముక్కు పెద్దదని చెక్కి చిన్నది చేస్తే ఆ మనిషిని అవిటివాడంటారు కదా, మరి రెండు పాదాలూ పాడుచేస్తే అది అందం ఎలా అయిందని. అప్పుడు లిన్ జీయాంగ్ బృందం దగ్గర జవాబు ఉండదు. ఇరవై అధ్యాయాల తర్వాత జవాబు అతని కాలికే కడతారు.